జాంగో సైట్‌కి పాఠకుల వ్యాఖ్యలు జోడించడం: మోడల్ దగ్గర్నుంచి సర్వర్ ఎక్కించేదాకా

"వ్యాఖ్యల ఫారం పెట్టాను, ఇంగ్లీషులో రాస్తే వస్తోంది, తెలుగులో రాస్తే ప్రశ్నార్థకాలు వస్తున్నాయి." "ఒకే వ్యాఖ్య మూడుసార్లు పడుతోంది." "రాత్రికి రాత్రి రెండొందల స్పామ్." ఇవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు కాబట్టి, విశాఖలో నేను నడుపుతున్న ఉత్తరాంధ్ర వంటల సైట్‌కి చేసిన పద్ధతినే మొదటినుంచి చివరిదాకా రాస్తున్నాను. జాంగో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే సాధనం) 4, 5 వెర్షన్లు రెండింటికీ ఇవే అడుగులు సరిపోతాయి. మీకు మోడల్, వ్యూ, టెంప్లేట్ అంటే ఏమిటో తెలుసు, సైట్ ఇప్పటికే నడుస్తోంది అనుకుని మొదలుపెడుతున్నాను.

ఒక్క విషయం ముందే చెప్పాలి. గాజువాకలో ఉండే మా పిన్ని ఒకసారి పనసపొట్టు కూర కింద పెద్ద వ్యాఖ్య రాసింది. పొట్టు కొట్టాక పసుపు నీళ్ళలో ఎంతసేపు ఉడికించాలి, ఆవ ఎప్పుడు కలపాలి, అన్నీ వివరంగా, ఫోన్‌లో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. బటన్ నొక్కింది. 403 అని, అంటే సర్వర్ ఒప్పుకోలేదని, ఇంగ్లీషులో ఏదో పేజీ వచ్చింది. వెనక్కి వెళ్తే పెట్టె ఖాళీ. ఫోన్ చేసి "అరగంట కూచుని కొట్టానురా, అంతా పోయింది, మళ్ళీ రాయడం నా వల్ల కాదు" అంది. తప్పు నా సెట్టింగ్‌దే. ఆ రోజు నుంచి నేను ప్రతి అడుగులోనూ ముందు చూసుకునేది ఒకటే, మనిషి రాసిన మాట ఏ దారిలోనూ పోకూడదు. కింద చెప్పే నిర్ణయాలన్నీ దాని చుట్టూనే ఉంటాయి.

## 1. కోడ్ ముట్టుకోకముందు తేల్చుకోవాల్సినవి

పాత పాఠాల్లో జాంగో లోపలే ఉన్న వ్యాఖ్యల యాప్‌ని వాడమని ఉంటుంది. దాన్ని 1.8 వెర్షన్‌లోనే తీసేశారు. అలాంటి పాఠం కనబడితే పక్కన పెట్టేయండి, సొంతంగా రాసుకోవడం ఒక పూట పని.

ఈ నాలుగింటికి జవాబు కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే తర్వాత మార్చాలంటే మోడల్ మార్చాలి.

- లాగిన్ కావాలా? చిన్న సైట్‌కి వద్దు. వ్యాఖ్య రాయడానికి అకౌంట్ తెరవమంటే సగం మంది అక్కడే ఆగిపోతారు.
- ఆమోదించాకే కనబడాలా? కచ్చితంగా అవును. దీని మీద నేను బేరం ఆడను.
- ఈమెయిల్ అడగాలా? జవాబు పంపే ఉద్దేశం లేకపోతే అడగొద్దు. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చాక, అవసరం లేని వివరాలు దాచుకోవడం మనకే బరువు.
- జవాబుకి జవాబు ఉండాలా? ఒక్క మెట్టు చాలు. ఫోన్ స్క్రీన్ మీద మూడో మెట్టు జవాబు సన్నటి పట్టీలా నలిగిపోయి కనిపిస్తుంది.

ఇక డేటాబేస్ బ్యాకప్ తీసుకోండి, గిట్‌లో కొత్త బ్రాంచ్ తెరవండి. ఈ రెండూ చేయకుండా మైగ్రేషన్ (మోడల్ మార్పుని డేటాబేస్‌లోకి ఎక్కించడం) జోలికి వెళ్ళొద్దు.

## 2. డేటాబేస్ తెలుగుకి సిద్ధంగా ఉందా

చాలామంది దీన్ని చివర్లో చూసుకుంటారు, అప్పటికే వ్యాఖ్యలు పాడైపోయి ఉంటాయి. తెలుగు అక్షరాలు యూనికోడ్‌లో ఉంటాయి, యూటీఎఫ్-8లో ఒక్కో గుర్తుకి 3 బైట్లు పడతాయి. ఎమోజీలకి 4 బైట్లు.

ఎస్‌క్యూలైట్ అయితే ఇబ్బంది లేదు. పోస్ట్‌గ్రెస్ అయితే డేటాబేస్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఒకసారి చూసుకుంటే చాలు. మైఎస్‌క్యూఎల్ దగ్గరే జాగ్రత్త. టేబుల్ లాటిన్-1లో ఉంటే తెలుగు నిలవదు, సెట్టింగ్‌ని బట్టి ఎర్రర్ వస్తుంది, లేదంటే చడీచప్పుడు లేకుండా ప్రశ్నార్థకాలు పడతాయి. పాత యూటీఎఫ్-8 రకంలో ఉంటే తెలుగు నిలుస్తుంది గానీ, ఎవరైనా చివర్లో నమస్కారం ఎమోజీ పెట్టగానే ఆ వ్యాఖ్య సేవ్ కాదు. అందుకే యూటీఎఫ్8-ఎంబీ4 ఒక్కటే వాడాలి. టేబుల్‌కీ అదే, జాంగో సెట్టింగ్స్‌లో డేటాబేస్ ఆప్షన్స్ కింద కనెక్షన్‌కీ అదే.

ఒకసారి ప్రశ్నార్థకాలుగా మారిన వ్యాఖ్యని తిరిగి తెలుగులోకి తేలేం. అక్కడ నిజంగానే ప్రశ్నార్థకాలు రాసి ఉంటాయి, వెనక ఏమీ దాగి ఉండదు.

ఇంకో తెలుగు సంగతి, పొడవు లెక్క. "శ్రీలక్ష్మి" మనకి 3 అక్షరాలు. పైథాన్‌కి 11. శ, హల్లు గుర్తు, ర, గుడిదీర్ఘం, ఇలా ఒక్కోటీ విడిగా లెక్కపెడుతుంది. ఇంగ్లీషు పాఠం చూసి పేరుకి 30 పెడితే ఇంటిపేరుతో సహా రాసుకునే వాళ్ళ పేరు పట్టదు. నేను పేరుకి 100, వ్యాఖ్యకి 5000 పెట్టాను.

## 3. మోడల్

వ్యాఖ్యలకి వేరే యాప్ తెరవండి, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో చేర్చండి. మోడల్‌లో ఉండాల్సినవి ఇవి.

- వంటకానికి ఫారిన్ కీ, అంటే ఇది ఏ వంటకం కింద వ్యాఖ్యో చెప్పే లంకె
- పేరు, క్యారెక్టర్ ఫీల్డ్
- వ్యాఖ్య, టెక్స్ట్ ఫీల్డ్
- స్థితి, మూడు విలువలతో: వేచి ఉంది, ఆమోదించాం, స్పామ్
- రాసిన సమయం, ఆటో నౌ యాడ్‌తో
- ఏ వ్యాఖ్యకి జవాబో చెప్పే ఫారిన్ కీ, తనకి తానే, ఖాళీగా వదలొచ్చు

స్థితికి చాలా పాఠాల్లో అవును/కాదు బూలియన్ పెడతారు. పెట్టొద్దు. "ఇంకా చూడలేదు" వేరు, "చూశాను, స్పామ్" వేరు. బూలియన్‌లో రెండూ ఒకటే అయిపోయి, స్పామ్ గుట్టలో అసలు వ్యాఖ్య కలిసిపోతుంది. టెక్స్ట్ చాయిసెస్ వాడి మూడు పెట్టుకోండి, డిఫాల్ట్ "వేచి ఉంది".

ఫారిన్ కీకి ఆన్ డిలీట్ చెప్పాలి కదా, అందరూ క్యాస్కేడ్ అని కొట్టేస్తారు. అంటే వంటకం చెరిపితే దాని కింద జనం రాసిన వ్యాఖ్యలన్నీ కూడా చెరిగిపోతాయి. నేను ప్రొటెక్ట్ పెడతాను. వ్యాఖ్యలున్న వంటకాన్ని చెరపబోతే జాంగో ఒప్పుకోదు, అప్పుడు మనం ఆగి ఆలోచిస్తాం. జవాబుల కీకి కూడా అదే.

టెక్స్ట్ ఫీల్డ్‌కి ఇచ్చిన గరిష్ఠ పొడవు ఫారంలో మాత్రమే పనిచేస్తుంది, డేటాబేస్ దాన్ని పట్టించుకోదు. కాబట్టి వ్యాఖ్య ఎప్పుడూ ఫారం గుండానే రావాలి. మేక్‌మైగ్రేషన్స్ నడిపి, వచ్చిన ఫైల్ తెరిచి చదివి, తర్వాత మైగ్రేట్ నడపండి.

## 4. అడ్మిన్, ఫారం కన్నా ముందు

ఈ వరుస మార్చొద్దు. ఆమోదించే చోటు సిద్ధం కాకుండా ఫారం తెరిస్తే, వచ్చిన వ్యాఖ్యలు ఎక్కడ చూడాలో తెలియక టెన్షన్ పడతారు.

జాబితాలో పేరు, వ్యాఖ్యలో మొదటి కొన్ని మాటలు, వంటకం, స్థితి, సమయం కనిపించాలి. పక్కన స్థితి ప్రకారం వడపోత. రెండు యాక్షన్లు: "ఎంచుకున్నవి ఆమోదించు", "ఎంచుకున్నవి స్పామ్‌లో వెయ్యి". యాక్షన్‌లో క్వెరీసెట్ అప్‌డేట్ వాడితే మోడల్ సేవ్ మెథడ్ నడవదు, సిగ్నల్స్ (సేవ్ అయ్యిందని జాంగో మిగతా కోడ్‌కి పంపే కబుర్లు) కూడా రావు. ఆమోదించగానే ఈమెయిల్ వెళ్ళాలని సిగ్నల్‌లో రాసుకున్నవాళ్ళు ఇక్కడే ఇరుక్కుంటారు.

వ్యాఖ్యని కుదించి చూపేటప్పుడు అక్షరాల లెక్కన కాకుండా మాటల లెక్కన కుదించండి. అక్షరాల లెక్కన కోస్తే "స్త్రీ" మధ్యలో తెగి "స్త్" అని మిగలొచ్చు.

## 5. ఫారం

మోడల్ ఫారం చాలు. ఫీల్డుల జాబితాలో పేరు, వ్యాఖ్య మాత్రమే రాయండి. "అన్నీ" అని ఇస్తే స్థితి కూడా ఫారంలోకి వస్తుంది, కాస్త తెలిసినవాడు తన వ్యాఖ్యని తానే ఆమోదించుకుని పంపేస్తాడు.

ఎర్రర్ సందేశాలు మీరే తెలుగులో రాయండి, "పేరు రాయండి", "వ్యాఖ్య ఖాళీగా ఉంది" అని, ఇంట్లో పెద్దవాళ్ళకి అర్థమయ్యేలా.

ఖాళీ వ్యాఖ్యని జాంగో పట్టుకుంటుంది, చుట్టూ ఉన్న స్పేసులు తీసేసి చూస్తుంది కూడా. కానీ తెలుగు కీబోర్డులు పెట్టే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు స్పేస్ కింద లెక్క రాదు. అది ఒక్కటే ఉన్న వ్యాఖ్య కూడా పాస్ అయిపోతుంది. క్లీన్ మెథడ్‌లో ఆ గుర్తు తీసేసి ఏమైనా మిగిలిందా అని చూడండి. చూడటానికే సుమా, సేవ్ చేసే వ్యాఖ్యలోంచి దాన్ని తీసేయొద్దు. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో అది ఉండాల్సిందే.

తెలుగు మాటల మీద రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు (అక్షరాల నమూనాలతో వెతికే పద్ధతి) వాడితే ఇంకో చిక్కు. పైథాన్‌లో మాట అక్షరం అనే గుర్తుకి (\w) గుణింతాలు, పొల్లులు లెక్కలోకి రావు. పేరుని లింక్‌లో పెట్టేలా మార్చే జాంగో స్లగిఫై కూడా ఇంతే, యూనికోడ్ ఒప్పుకోమని చెప్పినా "విశాఖ"ని "వశఖ" చేసి ఇస్తుంది. కాబట్టి వ్యాఖ్య లింకులకి పేర్లు కాకుండా ఐడీ నంబర్లు వాడండి.

## 6. వ్యూ

వంటకం చూపించే వ్యూలోనే ఫారం కూడా నడిపించండి. వరుస ఇది.

1. వంటకాన్ని తెచ్చుకోండి, లేకపోతే 404.
2. పోస్ట్ రిక్వెస్ట్ అయితే వచ్చిన డేటాతో ఫారం కట్టండి, లేకపోతే ఖాళీ ఫారం.
3. ఫారం సరిగా ఉంటే కమిట్ ఫాల్స్‌తో (ఇంకా డేటాబేస్‌లో పడకుండా) సేవ్ చేసి, వంటకాన్ని తగిలించి, అప్పుడు అసలు సేవ్.
4. "మీ వ్యాఖ్య అందింది, చూసి ప్రచురిస్తాం" అని మెసేజ్ పెట్టండి.
5. అదే వంటకానికి రీడైరెక్ట్ చేయండి.
6. ఫారం సరిగా లేకపోతే రీడైరెక్ట్ చేయొద్దు. అదే ఫారాన్ని, రాసినదంతా అందులో ఉండగానే, మళ్ళీ చూపించండి.

5వది మరిచిపోతే పేజీ రిఫ్రెష్ కొట్టినప్పుడల్లా అదే వ్యాఖ్య మళ్ళీ పడుతుంది. 6వ దగ్గర చేసే తప్పు ఇంకా దారుణం. వ్యూ చివర్లో అలవాటుగా కొత్త ఖాళీ ఫారం కట్టేస్తారు, పాఠకుడు పేరు రాయడం మరిచిపోయినందుకు వ్యాఖ్య మొత్తం మాయమవుతుంది.

జవాబు రాసే వీలు పెడితే, ఏ వ్యాఖ్యకి జవాబో ఆ ఐడీని నమ్మేయకండి. అది ఇదే వంటకం కిందదేనా, ఆమోదించినదేనా, అదే ఒక జవాబు కాదు కదా, మూడూ చూడాలి.

నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు బటన్ రెండుసార్లు నొక్కడం మామూలే. మొదటి నొక్కుకే బటన్ ఆపేయండి, సర్వర్ వైపు కూడా గత ఐదు నిమిషాల్లో అదే పేరు, అదే వ్యాఖ్య, అదే వంటకం ఉంటే రెండోది సేవ్ చేయకుండా అందిందని చెప్పండి.

## 7. టెంప్లేట్

ఫారం లోపల సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ (ఫారం మన సైట్ నుంచే వచ్చిందని రుజువు చేసే రహస్య గుర్తు) ట్యాగ్ ఉండాలి, లేకపోతే 403. ఆమోదించిన వ్యాఖ్యలు మాత్రమే తెచ్చుకోండి, పాతవి పైన, కొత్తవి కింద. సంభాషణ అలాగే చదవాలి.

వ్యాఖ్య చూపేటప్పుడు సేఫ్ ఫిల్టర్ ఎప్పుడూ వాడొద్దు. ఎవరో స్క్రిప్ట్ ట్యాగ్ రాసి పంపితే అది మీ పాఠకులందరి బ్రౌజర్లలో నడుస్తుంది. వరుసలు కలిసిపోతున్నాయని సేఫ్ పెట్టేవాళ్ళని చూశాను. దానికి లైన్‌బ్రేక్స్ ఫిల్టర్ ఉంది, రాసినవాళ్ళు కొట్టిన వరుసలు అలాగే ఉంటాయి, ప్రమాదకరమైన గుర్తులు మామూలు అక్షరాల్లా కనిపిస్తాయి.

లింకులని క్లిక్ అయ్యేలా చేసే యూఆర్‌ఎలైజ్ ఫిల్టర్ నేను వాడను. వాడితే నోఫాలో (ఈ లింక్‌ని లెక్కలోకి తీసుకోవద్దని సెర్చ్ ఇంజిన్లకి చెప్పే గుర్తు) అదే పెడుతుంది, అయినా లింక్ నొక్కడానికి వీల్లేకపోతే స్పామ్ పంపేవాడికి లాభమే లేదు.

సీఎస్‌ఎస్‌లో తెలుగుకి మూడు చాలు. వరుస ఎత్తు 1.7 దాకా ఇవ్వండి, లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులకి తగులుతాయి. రాసే పెట్టెలో అక్షరం 16 పిక్సెళ్ళకి తగ్గొద్దు, తగ్గితే ఐఫోన్ పెట్టె నొక్కగానే పేజీని పెద్దది చేసేస్తుంది. పొడవు మాటలు విరిగేలా ఓవర్‌ఫ్లో ర్యాప్ పెట్టండి.

## 8. రాసింది పోకుండా చూడటం

మా పిన్ని వ్యాఖ్య ఎందుకు పోయిందంటే, సైట్ ముందు నేను ఒక క్యాష్ (తయారైన పేజీని దాచి మళ్ళీ మళ్ళీ ఇచ్చేది) పెట్టాను. అది వేరేవాళ్ళకి ఇచ్చిన పేజీనే పాత టోకెన్‌తో సహా ఆమెకీ ఇచ్చింది, ఆమె కుకీకీ ఆ టోకెన్‌కీ పొత్తు కుదరలేదు. ఫారం ఉన్న పేజీలని మొత్తంగా క్యాష్ చేయొద్దు, కావాలంటే లోపలి ముక్కలు చేసుకోండి.

దానితో ఆగకుండా ఇంకో రెండు చేయండి.

మొదటిది, జాంగోలో సీఎస్‌ఆర్‌ఎఫ్ ఫెయిల్యూర్ వ్యూ అనే సెట్టింగ్ ఉంది. 403 వచ్చినప్పుడు మీ సొంత పేజీ చూపొచ్చు. అందులో "ఏదో తేడా వచ్చింది, మీరు రాసింది కింద ఉంది, కాపీ చేసుకుని మళ్ళీ పంపండి" అని రాసి, వచ్చిన వ్యాఖ్యని ఒక పెట్టెలో చూపించండి. సేవ్ మాత్రం చేయొద్దు.

రెండోది, రాస్తున్నప్పుడే బ్రౌజర్ లోకల్ స్టోరేజ్‌లో దాచడం. ఇది పది వరుసల జావాస్క్రిప్ట్. పెట్టెలో అక్షరం పడినప్పుడల్లా వంటకం ఐడీ పేరుతో దాచండి, పేజీ తెరిచినప్పుడు ఉంటే తిరిగి పెట్టెలో నింపండి, వ్యాఖ్య అందిందన్న మెసేజ్ కనిపించాకే చెరిపేయండి. బటన్ నొక్కగానే చెరిపితే ప్రయోజనం లేదు, నెట్ పోయేది సరిగ్గా అప్పుడే.

నేను దీన్ని మద్దిలపాలెం నుంచి గాజువాక వెళ్ళే బస్సులో కూచుని పరీక్షించాను. వ్యాఖ్య రాయడం, ఫ్లైట్ మోడ్ పెట్టడం, బటన్ నొక్కడం, ట్యాబ్ మూసేయడం, మళ్ళీ తెరవడం. రాసింది అలాగే ఉంటేనే పని అయినట్టు.

## 9. స్పామ్

అన్నీ ఆమోదం కోసం ఆగుతాయి కాబట్టి బయటికి స్పామ్ కనబడదు. ఇక్కడ మన పని మన కళ్ళకి శ్రమ తగ్గించడం, అంతే.

ఎర పెట్టె: "వెబ్‌సైట్" అని ఒక ఫీల్డ్ పెట్టి సీఎస్‌ఎస్‌తో తెర బయటికి నెట్టండి, ట్యాబ్ కీకి అందకుండా చేయండి. మనుషులకి కనిపించదు, బాట్లు నింపేస్తాయి. అది నిండి వస్తే చాలామంది వ్యాఖ్యని పారేస్తారు. ఒక్కోసారి బ్రౌజర్ ఆటోఫిల్ కూడా దాన్ని నింపుతుంది, అందుకే పారేయకుండా స్పామ్ స్థితితో సేవ్ చేయండి.

సమయం: ఫారం ఇచ్చిన సమయాన్ని జాంగో సైనింగ్‌తో ముద్ర వేసి దాచిన ఫీల్డ్‌లో పంపండి. మూడు సెకన్లలోపే తిరిగొస్తే స్పామ్. ఫోన్‌లో తెలుగు కొట్టేవాళ్ళు అంత వేగంగా ముగించలేరు.

లింకులు: రెండు కన్నా ఎక్కువ ఉంటే స్పామ్.

చేయకూడనివి కూడా చెప్తాను. తెలుగు అక్షరం లేదని తిప్పికొట్టొద్దు, ఇంగ్లీషు లిపిలో తెలుగు రాసేవాళ్ళు చాలామంది. ఐపీ అడ్రస్ పట్టుకుని నిషేధించొద్దు. మొబైల్ నెట్‌వర్క్‌లో ఒకే ఐపీ వెనక ఎంతోమంది ఉంటారు, పైగా ఎన్‌జిన్‌ఎక్స్ (జాంగో ముందు నిలబడి రిక్వెస్టులు అందుకునే ప్రాక్సీ సర్వర్) వెనక నడిచే సైట్‌లో సరిగా అమర్చకపోతే అందరి ఐపీ 127.0.0.1 అనే కనిపిస్తుంది, ఒకరిని ఆపితే ఊరంతా ఆగిపోతుంది. తెలియని మాటల జాబితాతో కూడా వడకట్టొద్దు. మా సైట్‌లో ఒకాయన "మా వైపు చోళ్ళు అంటాం, రాగులు అనం, అంబలికి పిండి ముందురోజే పులియబెట్టాలి" అని రాశాడు. "చోళ్ళు" ఏ జాబితాలోనూ ఉండదు, మాకు కావలసిన వ్యాఖ్య మాత్రం అదే.

## 10. కబురు అందడం, రోజూ చూడటం

వ్యాఖ్య పడగానే ఈమెయిల్ పంపే కోడ్ వ్యూలో పెడితే, మెయిల్ సర్వర్ నెమ్మదిస్తే పాఠకుడు తెర ముందు ఎదురు చూస్తాడు, మెయిల్ ఎర్రర్ ఇస్తే వ్యాఖ్య సేవ్ అయినా అతనికి 500 కనిపిస్తుంది. నేను దాన్ని తీసేసి, ఒక మేనేజ్‌మెంట్ కమాండ్ రాసి క్రాన్‌లో (సర్వర్‌లో టైం ప్రకారం పనులు నడిపేది) పెట్టాను. ఉదయం 7కి, రాత్రి 8కి, వేచి ఉన్నవి ఎన్నో, ఏ వంటకాల కిందో ఒకే మెయిల్. సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటే మన 7 గంటలు అక్కడ 1:30, రాత్రి 8 అక్కడ 14:30.

వ్యాఖ్యని దిద్దొద్దు, అచ్చు తప్పులున్నా సరే. బాగోలేకపోతే ఆమోదించకండి, అంతేగానీ ఇంకొకరి పేరు కింద మన మాట ఉండకూడదు. స్పామ్ గుట్టని వారానికోసారి తిరగేయండి, అందులో అసలు వ్యాఖ్య ఒకటైనా దొరుకుతుంటుంది.

## 11. తరచూ వచ్చే తేడాలు, మందులు

రాత్రి 8కి రాసింది మధ్యాహ్నం 2:30 అని చూపిస్తోంది. టైమ్ జోన్ యూటీసీలోనే ఉండిపోయింది. ఆసియా/కోల్‌కతా పెట్టండి.

కంప్యూటర్లో బాగుంది, సర్వర్ మీద ప్రతి వ్యాఖ్యకీ 403. హెచ్‌టీటీపీఎస్ ముందు ప్రాక్సీ ఉండటం వల్ల. సెక్యూర్ ప్రాక్సీ ఎస్‌ఎస్‌ఎల్ హెడర్ సరిచేయండి, లేదా సీఎస్‌ఆర్‌ఎఫ్ ట్రస్టెడ్ ఆరిజిన్స్‌లో మీ డొమైన్ చేర్చండి. జాంగో 4 నుంచి డొమైన్ ముందు హెచ్‌టీటీపీఎస్ కూడా రాయాలి.

ముందు పేజీ నెమ్మదించింది. ఒక్కో వంటకం పక్కన వ్యాఖ్యల సంఖ్య కోసం విడివిడిగా క్వెరీ పోతోంది. యానొటేట్‌లో కౌంట్ వాడండి, ఆమోదించినవే లెక్కపెట్టేలా ఫిల్టర్ ఇవ్వండి.

ఆమోదించినా కనిపించడం లేదు. క్యాష్, లేదా టెంప్లేట్‌లో స్థితి విలువ తప్పుగా పోలుస్తున్నారు.

ఎస్‌క్యూలైట్‌లో డేటాబేస్ లాక్ అని వస్తోంది. ఒకేసారి రాసేవాళ్ళు పెరిగారు. పోస్ట్‌గ్రెస్‌కి మారే సమయం వచ్చింది.

## 12. సర్వర్ ఎక్కించే ముందు, ఫోన్ చేతిలో పట్టుకుని

- [ ] "శ్రీలక్ష్మి" పేరుతో, ఒత్తులున్న నాలుగు వరుసల వ్యాఖ్య, చివర ఎమోజీ. అడ్మిన్‌లో అలాగే ఉందా
- [ ] పేరు వదిలేసి పంపితే వ్యాఖ్య పెట్టెలోనే ఉందా
- [ ] పంపాక రిఫ్రెష్ కొడితే రెండోది పడలేదు కదా
- [ ] స్క్రిప్ట్ ట్యాగ్ రాసి పంపి ఆమోదిస్తే మామూలు అక్షరాల్లాగే కనిపించిందా
- [ ] ఆమోదించకముందు వేరే ఫోన్‌లో కనిపించడం లేదు కదా
- [ ] కుకీలు చెరిపి పంపితే మీ సొంత 403 పేజీలో రాసింది ఉందా
- [ ] ఫ్లైట్ మోడ్ పరీక్ష
- [ ] డీబగ్ ఆపేశారా, అలౌడ్ హోస్ట్స్ నింపారా
- [ ] బ్యాకప్‌లో కొత్త టేబుల్ వస్తోందా, దాన్ని ఒకసారి వేరేచోట తెరిచి తెలుగు చదవగలిగారా

చివరి పరీక్ష నాకు మా పిన్నే చేసి పెట్టింది. ఈసారి సగం రాసి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచి వెళ్ళిపోయింది, సాయంత్రం మళ్ళీ తెరిచి అక్కడినుంచే పూర్తి చేసింది.